పులిసిన పాలు, తుమ్మే ముక్కు

జలుబు చేసిన పిల్లవాడి కంచంలో పెరుగు వేయబోతే పెద్దవాళ్లు వద్దని అడ్డుపడతారు. పెరుగు చలవ చేస్తుందనీ, కఫం కడుతుందనీ, రాత్రిపూట అసలే కూడదనీ మన ఇళ్లలో తరాలుగా వస్తున్న మాట. మరోవైపు సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో గుక్కెడు తీపి పానీయం నింపిన బుల్లి సీసాలు వరసగా నిలబడి, పులిసిన పాలలోని మంచి బాక్టీరియా, అంటే ప్రోబయాటిక్స్, మన రోగనిరోధక శక్తికి అండ అని చెబుతున్నాయి. ఆ మాట నలుగురి నోళ్లలో నానేసరికి తుమ్ములకూ, సైనస్‌కూ, ఉబ్బసానికీ కూడా అదే మందు అనేదాకా వెళుతోంది. పెరుగు ఊపిరికి చెరుపు అని పాత మాట, మేలు అని కొత్త మాట. రెండూ ఒకేసారి నిజం కాలేవు. పరిశోధనలను ఎదురుగా పెట్టుకుని చూస్తే రెండింటికీ చాలినంత ఆధారం లేదు. పులిసిన పాల పానీయాలు అలర్జీకి సంబంధించిన రోగనిరోధక వ్యవస్థను కొంత కదిలిస్తాయని ప్రయోగాల్లో కనిపించింది. ఆ కదలిక మనిషికి తెలిసేంత ఊరటగా మారుతుందని మాత్రం ఇంకా గట్టిగా రుజువు కాలేదు. కదలికకూ ఊరటకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొలవకుండా ఈ పానీయాల గురించి ఏ తీర్పు చెప్పినా తొందరపాటే.

ముందు పాత భయం సంగతి చూద్దాం. పాలు కఫం చేస్తాయన్న నమ్మకం మనకొక్కరికే లేదు, పాశ్చాత్య దేశాల్లోనూ బలంగానే ఉంది. దాన్ని తేల్చుకోవడానికి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పరిశోధకులు 60 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లోకి జలుబు వైరస్‌ను ఎక్కించారు. వాళ్లు రోజూ ఎన్ని గ్లాసుల పాలు తాగుతున్నారో, ముక్కు నుంచి ఎంత చీమిడి వస్తోందో లెక్క కట్టారు. 1990లో వెలువడిన ఫలితాల్లో ఆ రెండింటికీ సంబంధం కనబడలేదు. అయితే పాలు కఫం చేస్తాయని ముందే నమ్మినవాళ్లు దగ్గూ ముక్కు దిబ్బడా తమకు ఎక్కువగా ఉన్నాయని చెప్పారు. కొలిచి చూస్తే వాళ్ల చీమిడి మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ లేదు. తర్వాత 1993లో అచ్చయిన మరో ప్రయోగంలో పాల బదులు అంతే చిక్కదనం ఉన్న సోయా పానీయం ఇచ్చినా తాగినవాళ్లు గొంతులో అదే జిగట అనుభూతిని చెప్పారు. ఇవి పాల మీద జరిగిన ప్రయోగాలు, పెరుగు మీద కాదు. అయినా వీటి నుంచి నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. ముక్కూ గొంతూ ఎలా ఉన్నాయని అడిగితే మనిషి చెప్పే జవాబులో అతని నమ్మకం కూడా కలిసి ఉంటుంది. పెరుగును చూసి భయపడేవాళ్లకు ఇది ఎంత వర్తిస్తుందో, ప్రోబయాటిక్ సీసా మీద ఆశ పెట్టుకున్నవాళ్లకూ అంతే వర్తిస్తుంది. అందుకే ఏ పానీయమైనా అలర్జీని తగ్గిస్తుందని చెప్పాలంటే, అదే రంగు, అదే రుచి ఉండి బాక్టీరియా లేని ఉత్తుత్తి పానీయంతో పోల్చి చూపాలి. ఎవరు ఏది తాగుతున్నారో తాగేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ తెలియకూడదు.

పేగులోకి వెళ్లే పానీయానికి ముక్కుతో ఏమిటి సంబంధం అని అడగడం న్యాయమే. అలర్జీ అంటే శరీర రక్షణ వ్యవస్థ హాని లేనిదాన్ని శత్రువుగా పొరబడటం. పుప్పొడి, ఇంటి దుమ్ములో బతికే డస్ట్ మైట్ అనే అతి చిన్న పురుగు విసర్జన, బొద్దింకల వ్యర్థాలు, బూజు బీజాలు లాంటివి ఊపిరితో లోపలికి వెళ్లినప్పుడు, అలర్జీ ఉన్నవారి శరీరం వాటికి వ్యతిరేకంగా ఐజీఈ అనే యాంటీబాడీని తయారు చేస్తుంది. 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలోని డెన్వర్‌లో కనిపెట్టిన ఈ యాంటీబాడీ, ముక్కు పొరల్లోనూ శ్వాసనాళాల్లోనూ ఉండే మాస్ట్ కణాల ఒంటికి అతుక్కుని కాచుకుని ఉంటుంది. అదే పుప్పొడి మళ్లీ తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలను వదులుతాయి. వరస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్ల దురద అక్కడి నుంచి మొదలవుతాయి. ఇదంతా ముక్కులో జరిగినా, దేన్ని శత్రువుగా చూడాలి, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి అనే శిక్షణలో పెద్ద భాగం పేగుల్లో జరుగుతుంది. పేగు గోడల్లో రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో గుమిగూడి ఉంటాయి. రోజూ తినే తిండినీ, కోటానుకోట్ల బాక్టీరియానీ సహించడం అవి అక్కడే నేర్చుకుంటాయి. ఆ కణాల్లో కొన్ని రక్తం ద్వారా తిరుగుతూ ఇతర అవయవాల తీరును కూడా మార్చగలవు.

ఈ ఆలోచనకు పునాది వేసినవాటిలో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ స్ట్రాచన్ 1989లో ప్రచురించిన చిన్న వ్యాసం ఒకటి. 1958 మార్చిలో పుట్టిన 17,414 మంది బ్రిటన్ పిల్లల వివరాలను పరిశీలించి, ఇంట్లో అన్నలు, అక్కలు ఎక్కువమంది ఉన్న పిల్లలకు పుప్పొడి అలర్జీ తక్కువగా వస్తోందని ఆయన గమనించారు. చిన్నప్పుడు సూక్ష్మజీవులతో పరిచయం తగ్గితే అలర్జీలు పెరుగుతాయన్న వాదన అక్కడి నుంచి బలపడింది. పేగుకూ ఊపిరితిత్తులకూ ఉన్న దారిని ఎలుకల్లో స్పష్టంగా చూపినవారు స్విట్జర్లాండ్‌లోని లొసాన్ పరిశోధకులు. పీచు ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన ఎలుకల పేగుల్లో బాక్టీరియా ఆ పీచును పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేసింది. వాటి ప్రభావం ఎముక మజ్జలో పుట్టే రోగనిరోధక కణాల దాకా వెళ్లింది. డస్ట్ మైట్ తగిలించినప్పుడు ఆ ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు తక్కువగా వచ్చింది. 2014లో వచ్చిన ఈ ఫలితం పేగు నుంచి ఊపిరితిత్తికి దారి ఉందని నిరూపించింది. ఆ దారి మీద ఒక సీసా పెరుగు పానీయం ఎంత దూరం ప్రయాణించగలదన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు మనుషుల మీద జవాబు వెతికిన ప్రయోగాల్లో ఎక్కువగా చెప్పుకునేది ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో జరిగింది. అక్కడి ఆహార పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వాడిన బాక్టీరియా వెనక పెద్ద చరిత్రే ఉంది. బల్గేరియా పల్లె ప్రజల దీర్ఘాయువుకు పులిసిన పాలే కారణమని ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఎలీ మెచ్నికాఫ్ ప్రచారం చేశారు. 1908లో నోబెల్ అందుకున్న శాస్త్రజ్ఞుడి మాట కావడంతో ప్రపంచం చెవి పెట్టింది. 1930లో జపాన్‌లో మినోరు షిరోటా పేగుల్లో బతికి ఉండగల ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని వేరు చేసి, 1935లో యాకుల్ట్ పేరుతో పానీయంగా తెచ్చారు. ఇప్పుడు మన నగరాల్లో దొరికే 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్లకు పైగా ఉండేది ఆ రకమే. నార్విచ్ ప్రయోగంలో గడ్డి పుప్పొడి పడని 20 మందిని రెండు జట్లు చేశారు. పుప్పొడి కాలానికి ముందు నుంచి మొదలుపెట్టి 5 నెలల పాటు ఒక జట్టుకు ఈ బాక్టీరియా ఉన్న పాల పానీయం, రెండో జట్టుకు బాక్టీరియా లేని పానీయం రోజూ ఇచ్చారు. బాక్టీరియా పానీయం తాగినవాళ్ల రక్తంలో గడ్డి పుప్పొడికి వ్యతిరేకంగా ఉండే ఐజీఈ తగ్గింది. అలర్జీని అడ్డుకోవడంలో పాత్ర ఉందని భావించే ఐజీజీ పెరిగింది. పుప్పొడి తగిలినప్పుడు రక్తకణాలు వదిలే మంటపుట్టించే రసాయనాలు కూడా తగ్గాయి. 2008లో ఈ ఫలితాలు వెలువడగానే, పెరుగు పానీయంతో అలర్జీకి ఉపశమనం అనే అర్థం వచ్చే వార్తలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ ప్రయోగం కొలిచింది రక్తాన్ని. తుమ్ములు తగ్గాయా, రాత్రి నిద్ర పట్టిందా, మందు బిళ్లల అవసరం తగ్గిందా అని తేల్చడానికి దాన్ని రూపొందించనే లేదు. 20 మందితో తేలే విషయం కూడా కాదది.

శాస్త్రం నిజాయితీగా ఉంటే తరువాతి మెట్టు ఎక్కి చూడాలి. నార్విచ్ పరిశోధకులు ఎక్కారు. ఈసారి 60 మందిని తీసుకుని, 16 వారాల పాటు అదే బాక్టీరియా పానీయాన్నీ, ఉత్తుత్తి పానీయాన్నీ ఇచ్చి, పుప్పొడి కాలం కాని సమయంలో వాళ్ల ముక్కుల్లోకి నేరుగా పుప్పొడి సారాన్ని చల్లి, ముక్కులోంచి గాలి ఎంత వేగంగా ఆడుతోందో కొలిచారు. 2013లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ముక్కు స్రావాల్లోని కొన్ని రసాయనాల్లో తేడా ఉంది, గాలి ఆడటంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. జపాన్‌లో కథ కూడా దాదాపు ఇదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం విస్తారంగా నాటిన సుగి చెట్ల పుప్పొడి వల్ల ఇప్పుడు అక్కడ నూటికి దాదాపు 40 మంది ప్రతి వసంతంలోనూ తుమ్ముతారు. పులిసిన పాల పానీయాలకు పుట్టినిల్లు లాంటి ఆ దేశంలోనే వందమందికి పైగా రోగులతో ఇదే బాక్టీరియాను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద లక్షణాలు తగ్గలేదు. బాధ మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవాళ్లను విడదీసి చూస్తే లక్షణాలు మొదలవడం కొంత ఆలస్యమై ఉండవచ్చన్న సూచన మాత్రం కనిపించింది. అదే ఏడాది ఇటలీ పరిశోధకులు ఉబ్బసం గానీ అలర్జీ ముక్కు గానీ ఉన్న 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు 187 మందికి మరో లాక్టోబాసిల్లస్‌తో పులిసిన పాలను ఏడాది పాటు ఇచ్చారు. ముక్కు అలర్జీ ఉన్న పిల్లలకు ఏడాదిలో అది తిరగబెట్టిన సార్లు కొంత తగ్గాయి. ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఏ తేడా లేదు. ఇక్కడ ఒక వరస కనబడుతుంది. రక్తంలో మార్పు స్పష్టంగా ఉంది, ముక్కుకు వచ్చేసరికి పలచబడింది, ఊపిరితిత్తికి వెళ్లేసరికి కనుమరుగైంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. నాలుగు ప్రయోగాలను ఏరుకుని తీర్పు చెప్పడం సరికాదు, అన్నిటినీ కలిపి చూడాలి అని ఎవరైనా అనవచ్చు. అలా కలిపి చూసినవారూ ఉన్నారు. 2015లో అచ్చయిన ఒక సమీక్ష అలర్జీ ముక్కు మీద ప్రోబయాటిక్స్ ప్రభావాన్ని పరీక్షించిన 23 ప్రయోగాలను, 1,919 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చింది. వాటిలో 17 ప్రయోగాలు ఏదో ఒక మేలు చూపాయి, 6 చూపలేదు. ఇంత మెజారిటీ చూశాక సందేహం ఎందుకని అనిపిస్తుంది. కానీ లెక్కలు కలిపినప్పుడు రోగుల జీవన నాణ్యత స్కోరు మెరుగుపడింది తప్ప, మొత్తం లక్షణాల స్కోరులో నమ్మదగ్గ తేడా రాలేదు. రక్తంలోని మొత్తం ఐజీఈలోనూ తేడా లేదు. తర్వాతి రోజుల్లో అమెరికాలో 173 మందితో 8 వారాలు జరిగిన ప్రయోగంలో కూడా వసంతకాలపు ముక్కు బాధ వల్ల దెబ్బతినే జీవన నాణ్యత మెరుగైందని తేలింది. ఫ్రాన్స్‌లో లోరాటడీన్ అనే యాంటీహిస్టమిన్ బిళ్ల వాడుతున్న 425 మందికి అదనంగా ప్రోబయాటిక్ ఇచ్చినప్పుడూ జీవన నాణ్యత స్కోరే మెరుగుపడింది, ముక్కు లక్షణాల్లో స్పష్టమైన తేడా రాలేదు. ఈ రెండింటిలో ఇచ్చింది గొట్టం బిళ్లలో పెట్టిన బాక్టీరియా, పానీయం కాదు. జీవన నాణ్యత చిన్న విషయమని ఎవరూ అనరు. హాయిగా పని చేసుకోగలిగితే, కంటి నిండా నిద్రపడితే రోగికి అంతకంటే కావలసింది ఏముంది? అందుకే మేలు సున్నా అని చెప్పడానికి ఆధారాలు ఒప్పుకోవు. మేలు చిన్నది, అందరికీ ఒకేలా రాదు, ఏ బాక్టీరియాకు వచ్చిందో తెలియకుండా సాధారణ సూత్రం చేయలేం. ఆధారాలు పలికేది ఇంతవరకే. ఒక్కో ప్రయోగంలో ఒక్కో రకం బాక్టీరియా, వేరే మోతాదు, వేరే కాలవ్యవధి, వేరే ప్రశ్నావళి ఉన్నప్పుడు 17ను 6తో తూచి మెజారిటీ తీర్పు ఇవ్వడం కుదరదు. పైగా పుప్పొడి ఏడాదికో తీరుగా రాలుతుంది. ఒక ఏడాది వాన ఎక్కువై పుప్పొడి తక్కువైతే, ఏ పానీయం తాగినవాళ్లకైనా బాగానే ఉంటుంది.

మన పెరుగు సంగతేమిటన్నది రెండో అభ్యంతరం. తరతరాలుగా రోజూ మజ్జిగ తాగుతున్న జాతికి ఫ్యాక్టరీ సీసా ఎందుకు, ఇంటి పెరుగులోనూ బాక్టీరియా ఉంది కదా అంటారు. ఉంది, నిస్సందేహంగా. కాచి చల్లార్చిన పాలలో తోడు వేస్తే లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్, లాక్టోబాసిల్లస్ కుటుంబాల సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి పాలను తోడుకునేలా చేస్తాయి. కానీ ఒక ఇంటి తోడులో ఉన్న రకాలు పక్కింటి తోడులో ఉండాలని లేదు, వేసవిలో ఉన్నవి చలికాలంలో అదే పాళ్లలో ఉంటాయనీ లేదు. పేగు దాకా బతికి వెళ్లే శక్తి కూడా అన్నిటికీ ఉండదు. ప్రోబయాటిక్ ఫలితాలు బాక్టీరియా జాతి మొత్తానికి కాదు, ఆ జాతిలోని ఒక్కొక్క రకానికి విడివిడిగా వర్తిస్తాయి. నార్విచ్‌లో కనిపించిన మార్పును మన కుండలోని పెరుగుకు అంటగట్టడం ఎంత తప్పో, ఇంటి పెరుగును పరీక్షించకుండా అది పనికిరాదనడం కూడా అంతే తప్పు. కెఫిర్ అనే పులిసిన పాల పానీయం పరిస్థితీ ఇదే, ఎలుకల్లో ఉబ్బసపు వాపును తగ్గించిందన్న ఫలితాలున్నా, ఎలుక నుంచి మనిషికి అడుగు వేయడానికి మనుషుల మీద పరీక్షలు కావాలి. యూరప్ పల్లెల్లో పచ్చిపాలు తాగే పిల్లలకు ఉబ్బసం, అలర్జీలు తక్కువగా ఉన్నాయని 2011లో వచ్చిన పెద్ద అధ్యయనాన్ని చూపి పాలు కాచకుండా తాగమనేవారూ ఉన్నారు. ఆ అధ్యయనంలో కాచిన పాలకు ఆ మేలు కనబడని మాట నిజమే. అయినా పచ్చిపాలతో క్షయ, బ్రుసెల్లోసిస్ లాంటి జబ్బులు వచ్చే ప్రమాదం మన దేశంలో ఊహాజనితం కాదు. పాలు కాచి తోడు వేసే మన అలవాటును వదులుకోవలసిన అవసరం లేదు.

పుట్టకముందే అలర్జీని ఆపగలమా అన్న ఆశ కూడా ఇదే బాటలో నడిచింది. ఫిన్లాండ్‌లోని టుర్కులో అలర్జీ చరిత్ర ఉన్న కుటుంబాల గర్భిణులకు, పుట్టిన తర్వాత ఆ బిడ్డలకు లాక్టోబాసిల్లస్ జీజీ ఇచ్చి చూశారు. రెండేళ్ల వయసు వచ్చేసరికి తామర సగానికి తగ్గిందని 2001లో ప్రకటించారు. చర్మానికి అది మంచి వార్తే. అవే పిల్లలను పెద్దయ్యాక మళ్లీ చూసినప్పుడు ముక్కు అలర్జీలోగానీ ఉబ్బసంలోగానీ ఆ రక్షణ కనబడలేదు. ప్రపంచ అలర్జీ సంస్థ 2015 మార్గదర్శకాలు కూడా అలర్జీ ముప్పు ఎక్కువున్న కుటుంబాల్లో తామర నివారణకు ప్రోబయాటిక్స్ వాడవచ్చని షరతులతో చెప్పాయి. ఆధారాల నాణ్యత చాలా తక్కువని పక్కనే రాశాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఇంకా కఠినంగా ఉంది. షిరోటా బాక్టీరియా ముక్కు, గొంతు రక్షణను నిలబెడుతుందన్న వాదనను 2010లో పరిశీలించి, కార్యకారణ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. అది సూక్ష్మజీవుల నుంచి రక్షణకు సంబంధించిన వాదనే, అలర్జీ గురించి కాదు. ఆ మెట్టే ఎక్కలేనప్పుడు అలర్జీకి మందు అని చెప్పుకోవడానికి ఇంకా చాలా దూరం ఉంది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే సహజమైనది. మేలు జరిగితే జరిగింది, కీడు లేదు కదా, తాగితే పోయేదేముంది? ఆరోగ్యవంతుడికి నిజంగానే పెద్దగా పోయేదేమీ లేదు. అయితే మామూలు రకం సీసాల్లో చాలావాటికి తీపి చక్కెర నుంచే వస్తుంది. రోజుకు రెండు మూడు తాగే పిల్లవాడి లెక్కలో, మధుమేహం ఉన్న పెద్దాయన లెక్కలో ఆ చక్కెర కూడా కలుస్తుంది. పాల ప్రోటీన్ పడని పిల్లలకు ఏ పాల పానీయమూ తగదు. కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు లాంటి రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వాళ్లు బతికున్న బాక్టీరియాను తీసుకునే ముందు డాక్టర్‌ను అడగాలి. వీటన్నిటికంటే పెద్ద కీడు వేరే ఉంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో దాన్ని పక్కన పెట్టి, పానీయంతో సరిపెట్టుకోవడం. ఉబ్బసం ఉన్న మనిషి శ్వాసనాళాల వాపును అదుపులో ఉంచేది పీల్చే స్టిరాయిడ్ మందు. దాన్ని మానేస్తే రాబోయే ఆయాసం ఆస్పత్రి దాకా, ఒక్కోసారి ప్రాణం దాకా వస్తుంది. ఇటలీ ప్రయోగంలో పులిసిన పాలు ఏ తేడా చూపనిది సరిగ్గా ఈ ఉబ్బసం దగ్గరే అన్నది గుర్తుంచుకోవాలి.

కాబట్టి తుమ్ములతో విసిగిన మనిషి చేయవలసిన పనుల వరసలో పెరుగు పానీయం చివరన ఉంటుంది. మొదట ఏది పడటం లేదో తెలుసుకోవాలి. మన ప్రాంతంలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ పుప్పొడి, పరుపుల్లోని డస్ట్ మైట్, వంటింటి బొద్దింకలు, వానాకాలపు బూజు ప్రధాన అనుమానితులు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఇళ్లలో మైట్ మరింత హాయిగా బతుకుతుంది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకడం, చీపురుతో దుమ్ము లేపే బదులు తడిగుడ్డతో తుడవడం ఏ సీసా కంటే చవకైన మందు. ముక్కు అలర్జీకి ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే, మత్తు తక్కువగా ఉండే యాంటీహిస్టమిన్ బిళ్లలు పదేపదే రుజువైన చికిత్సలు. లండన్‌లో లెనార్డ్ నూన్ 1911లో పుప్పొడి సారంతో మొదలుపెట్టిన డీసెన్సిటైజేషన్ చికిత్స అలర్జీ మూలాన్నే సరిదిద్దే ప్రయత్నం. తగినవారికి నిపుణుల పర్యవేక్షణలో అది నేటికీ పనిచేస్తోంది. ఇవన్నీ చేసుకుంటూ పెరుగు పానీయం ఇష్టమైతే తాగండి, చక్కెర చూసుకోండి. అన్నంలో పెరుగు, మధ్యాహ్నం మజ్జిగ మానకండి, జలుబు పేరుతో పిల్లల కంచంలోంచి తీసేయకండి. అవి మంచి తిండి, ఆ గౌరవం వాటికి చాలు. మందు చీటీలో ఉన్న ఇన్‌హేలర్‌నూ స్ప్రేనూ మాత్రం డాక్టర్ చెప్పేదాకా ఏ పానీయాన్ని నమ్ముకునీ ఆపకండి.